పగలని గాజు

పదకొండో గోడ దగ్గర కొలతలాయన మోకాళ్ల మీద కూర్చుని, గోడ కదిలితే తెలియడానికి పగులుకు అడ్డంగా సిమెంటుతో అతికించిన గాజుముక్కను వేలితో తడిమి చూశాడు. నిక్షేపంగా ఉంది. ఆయన గుండె గుభేలుమంది. పుస్తకంలో ‘పగల్లేదు’ అని రాసి చెమట తుడుచుకున్నాడు.

వినడానికి విడ్డూరమే గానీ, ఆయన భయమంతా పగలని గాజును చూసే. ఊరి అడుగున, దేశాలను మోసేంత రాతి పలకలు రెండు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఏడాదికి బొటనవేలంత జరిగేవి. పైన గోడలు చీలేవి, నెలకో రెండు నెలలకో గాజు ఠక్కుమనేది, ఆయన కొత్తది అతికించేవాడు. ముప్ఫై ఏళ్లుగా ఇదే ఉద్యోగం. అలాంటిది పన్నెండేళ్లుగా ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు. పీడ వదిలిందని జనం పగుళ్లకు రంగులేసుకున్నారు. ఈ ఉదయం నుంచి కిటికీలు రెండుసార్లు గలగలలాడినా, లారీ పోయిందిలే అనుకున్నారు.

ఆఫీసులో అధికారి కూడా అదే ధోరణి. “కదలకపోతే మంచిదేగా?”

“జరగాల్సింది జరగలేదండీ. పన్నెండేళ్ల ఊపు లోపలే బిగుసుకుని ఉంది. ఒక్కసారిగా వదిలితే?”

“ఎప్పుడు వదులుతుందో చెప్పు మరి.”

చెప్పలేడు. ఎవరి వల్లా కాదు. అదే ఆయన ప్రాణాలు తోడేస్తోంది.

పన్నెండో గోడ అక్క వంటింట్లో ఉంది. తల్లి లేని లోటు తెలియకుండా పెంచిన అక్క. డెబ్భై దాటినా మొండితనం ఇసుమంతైనా తగ్గలేదు.

“వచ్చావా, భయాల మూటా? కూర్చో, భోజనం పెడతా.”

“భోజనం సంగతి తర్వాత. మా ఇంటికి పోదాం రా అక్కా. కొండవతల నేల గట్టిది.”

“రోజూ ఇదే పాటేంట్రా? గాజు పగిలిన రోజు సంచి సర్దుకుంటానని మాటిచ్చాగా. అందాకా నా బుర్ర తినకు.”

ఆవిడ పొయ్యి మీది గిన్నె దించడానికి అటు తిరిగింది. కొలతలాయన గాజు వంక చూశాడు. ముప్ఫై ఏళ్లలో వెంట్రుకవాసి కొలత కూడా మార్చి రాసిన మనిషి కాదు. సంచిలోంచి సుత్తి తీసి ఒక్కటేశాడు.

ఠక్.

అక్క గిరుక్కున తిరిగింది. ముఖం పాలిపోయింది. “పగిలిందా?”

“పగిలింది.” సుత్తి అప్పటికే సంచిలో ఉంది.

అన్నమాట మీద నిలబడే మనిషి ఆవిడ. నాలుగు బట్టలు సర్దుకుంది. ఆయన పెళ్లగించిన గాజును, ఎవరి కాలికైనా గుచ్చుకుంటుందని గుడ్డలో చుట్టి తన సంచిలోనే పడేసుకుంది. “నువ్వూ రా మరి.”

“కొత్తది అతికించి వస్తా. గోడను ఉత్తినే వదలకూడదక్కా. నువ్వు బస్సెక్కు, నీ వెనకాలే వచ్చేస్తా.”

ఆవిడ వెళ్లాక సిమెంటు కలిపాడు. కొత్త గాజు పెట్టి, తేదీ వేసి, పుస్తకం తెరిచాడు. పగిలిందని రాయాలా, లేదని రాయాలా? కలం ఆగిపోయింది. అడుగున ఏదో మూలిగింది. లారీ కాదని ఆయనకు తెలుసు. చల్లటి గోడకు అరచెయ్యి ఆనించాడు.

బస్సు కొండ దాటాక ఊగి ఆగిపోయింది. అక్క ఉండే వీధిలో ఒక్క ఇల్లూ మిగల్లేదు. మూడో రోజున శిథిలాల కింది నుంచి ఆయన శవాన్ని బయటికి తీశారు.

నాలుగో రోజు తమ్ముడి గదిలో అక్క సంచి విప్పి, గుడ్డ తీసి చూసింది. గోడ విరిచిన గాజులు ఆవిడ ఎన్ని చూడలేదు! ఎప్పుడూ పగులు వెంబడి ఒక్క గీత, కోసినట్టు. దీని నడిమధ్యన శనగగింజంత దెబ్బ, అక్కడినుంచి నలువైపులా బీటలు.

“ఒరేయ్, నాతో అబద్ధమాడావట్రా!” అని ఆవిడ భోరుమంది.

బల్ల మీద ఆ గాజు అలాగే ఉండిపోయింది, అంచున ఎండిన సిమెంటులో తమ్ముడి బొటనవేలి ముద్రతో.