దక్షిణాఫ్రికా మధ్యలో జమున

నేను ఒక అట్టముక్కను. అయినా కొన్ని వారాల పాటు ఒక దేశంగా బతికాను. వాటిలో మూడో శనివారం నన్ను ఎవరూ పైకెత్తకపోయి ఉంటే, ఆ దేశం సాయంత్రానికల్లా గల్లంతయ్యేది.

పుట్టుకతో నేను బిస్కట్ల డబ్బాను. లారీలో వచ్చి, వనపర్తి వైపున్న ఒక బాలికల గురుకులంలో స్టోరు గదిలో పడ్డాను. సరుకు పిల్లల కడుపుల్లోకి చేరాక నా పని అయిపోయిందనుకున్నాను. ఇంతలో సోషల్ చెప్పే పరిమళ మేడం వచ్చి నన్ను కత్తితో కోశారు. ముఖం మీద మార్కరుతో 'లెసోతో' అని రాశారు. వీపు మీద మాత్రం 'ఇప్పుడు క్రీము రెట్టింపు' అన్న పాత మాట అలాగే ఉండిపోయింది.

మేడం పదో తరగతి పిల్లలతో మాదిరి ఐక్యరాజ్యసమితి నడుపుతున్నారు. భోజనాల హాలే సభ. అధ్యక్షురాలిగా కూర్చున్న పిల్ల చేతిలో, సుత్తికి బదులు చపాతీ కర్ర. ఒక్కో పిల్లకు ఒక్కో దేశం. మాట్లాడాలంటే దేశం పేరున్న అట్ట ఎత్తాలి. మూడు శనివారాల్లో ఒక్కసారైనా ఎత్తని దేశానికి కుర్చీ పోతుంది. కుర్చీ నిలిచినవాళ్లే హైదరాబాద్‌లో జరిగే పెద్ద సభకు వెళ్తారు.

చీటీల్లో నేను జమునకు వచ్చాను. దక్షిణాఫ్రికా సుచరితకు వచ్చింది. అట్లాసు తెరిచి చూసిన పిల్లలు పడిపడి నవ్వారు. లెసోతో చుట్టూ నాలుగు దిక్కులా ఉన్నది దక్షిణాఫ్రికాయే.

"ఆడ గూడ సుచరిత ఒళ్లోనే కూసున్నవా నువ్వు?" అంది జమునతో ఒక పిల్ల.

అందులో అబద్ధం లేదు. ఆరో తరగతిలో తండా నుంచి వచ్చినప్పుడు జమునకు తెలుగు తడుముకుంటూ వచ్చేది. నవ్విన వాళ్లందరితో సుచరిత జుట్లు పట్టుకుని పోట్లాడింది. ఆ రోజు నుంచి జమున బదులు తనే మాట్లాడటం మొదలుపెట్టి, ఆపడం మరిచిపోయింది. జమునకు ఏ కూర ఇష్టమో సుచరితే చెప్పేది. జ్వరమొస్తే ఒళ్లు ఎక్కడ నొస్తుందో కూడా నర్సుకు సుచరితే చెప్పేది. చాలాసార్లు సరిగ్గానే చెప్పేది. మనుషులు ప్రేమతో చేసే ఆక్రమణకు సైన్యం అక్కర్లేదని నాకు అప్పుడే తెలిసింది.

రెండు శనివారాలు గడిచాయి. జమున నన్ను బల్ల కింద పట్టుకుని కూర్చుంది. ఆమె అరచేతి చెమటకు నా మూల మెత్తబడింది. మాట్లాడటం రాక కాదు. శుక్రవారం సాయంత్రం డాబా మీద బట్టలారేసే తాడుకు నన్ను క్లిప్పుతో తగిలించి, నా ముందు నిలబడి ప్రసంగం మొత్తం చెప్పింది. ఎంత బాగా చెప్పిందో నాకూ, పక్కన ఆరుతున్న చున్నీలకూ తప్ప ఎవరికీ తెలియదు.

మూడో శనివారం. చర్చ నీళ్ల మీద. లెసోతో కొండల్లో పుట్టే నీళ్లు దక్షిణాఫ్రికా కొనుక్కుంటుంది. సభ ముగియబోతుంటే సుచరిత లేచి తీర్మానం చదివింది. ఇకమీదట ఆ నీళ్ల పంపకమంతా దక్షిణాఫ్రికాయే చూసుకుంటుందట.

"లెసోతో తరఫున గూడ నేనే చెప్తున్న. వాళ్లకు ఓకే," అని కూర్చుంది.

దురుద్దేశం ఏమీ లేదు. లెసోతో పేరు సభలో వినబడితే జమున కుర్చీ నిలుస్తుందని ఆమె లెక్క. కానీ నిబంధన అది కాదు. అధ్యక్షురాలు ఓటింగుకు చపాతీ కర్ర ఎత్తింది. ఆ కర్ర బల్లకు తగిలితే నీళ్లూ పోయినట్టే, కుర్చీ పోయినట్టే.

నేను గాల్లోకి లేచాను.  హాలు గొల్లుమంది. జమున నన్ను తిరగేసి ఎత్తింది.

"క్రీము రెట్టింపు దేశం మాట్లాడొచ్చు," అంది అధ్యక్షురాలు, ముఖం ఏమాత్రం మారకుండా.

పాత జమున అయితే అక్కడే కూర్చునేది. సుచరిత ఆమె చున్నీ పట్టి లాగి, "కూసోవే, నేను చూస్కుంట," అని గొణిగింది కూడా. జమున నన్ను కిందికి దించింది.  ఆమె నన్ను నిదానంగా తిప్పి, ముఖం సభకు పెట్టి, మళ్లీ ఎత్తింది.

"లెసోతో ఒప్పుకోలే," అంది. "లెసోతోను ఎవరూ అడగలే. దక్షిణాఫ్రికా మాకు అక్క లెక్క. మంచిదే. కానీ అడగకుండ ఇస్తది, అడగకుండ తీసుకుంటది. నీళ్లు మావి. అడిగితే ఇస్తం."

సుచరిత ముఖం ఎర్రబడింది.  తర్వాత తన అట్ట ఎత్తింది. 

"దక్షిణాఫ్రికా అడుగుతున్నది. నీళ్లిస్తరా?"

"ఆలోచించి చెప్తం," అంది జమున. ఈసారి హాలు ఆమెను చూసి కాదు, ఆమెతో కలిసి నవ్వింది.

కుర్చీ నిలిచింది. హైదరాబాద్ కూడా చూశాను. అక్కడ ఇంగ్లిషు అట్టలు ప్లాస్టిక్ తొడుగుల్లో మెరుస్తున్నాయి. నాకు కాస్త నామోషీ అనిపించింది కానీ జమునకు అనిపించలేదు.

ప్రస్తుతం నా నివాసం సైన్సు ల్యాబు. కుంటి బల్ల కాలి కింద మడిచి పెట్టారు. దేశంగా బతికినదాన్ని, బరువు మోయడం కొత్త కాదు.

సంక్రాంతి సెలవులు ముగిశాక ఒక మధ్యాహ్నం పరిమళ మేడం అక్కడే పదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి, ఇంటర్లో ఎవరు ఏ గ్రూపు అని అడిగారు. సుచరిత లేచింది.

"రాసుకోండ్రి మేడమ్, నేను, జమున బైపీసీ."

ఆమె పక్కన ఒక చెయ్యి లేచింది. అందులో ఏ అట్టా లేదు.

"నాకు సీఈసీ మేడమ్."

సుచరిత గిర్రున తిరిగింది. "గదెప్పుడు అనుకున్నవే?"

"మొన్న."

సుచరిత నోరు తెరిచింది. మేడంతో ఏదో చెప్పబోయి ఆగింది. జమున వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"రెండు గ్రూపులున్న కాలేజీ చూద్దామా? నీ ఇష్టం."

జమున కాస్త ఆలోచించింది.

"కాలేజీ ఒక్కటైతే మంచిదే. రూము మాత్రం వేరే. నువ్వు గురకపెడ్తవ్."

అందరూ నవ్వారు. అందరికన్నా ఆలస్యంగా, ముక్కు తుడుచుకుంటూ సుచరిత కూడా నవ్వి బల్ల మీద గట్టిగా ఒక్కటి చరిచింది. నేను కాలి కింద ఇంకాస్త అణిగాను.