మా ఆయన తల వెనక భాగం

మా ఆయనకి కటింగ్ షాపు ఉంది. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. పెళ్ళికొడుకుల దగ్గర్నుంచి పాస్టరుగారి దాకా ఎంతమందినో మనుషుల్లో పడేసిన చెయ్యి ఆయనది. అలాంటి మనిషిని వెనకనుంచి చూస్తే మాత్రం జుట్టులో మెట్లు కనిపించేవి. ఒకటీ రెండూ కాదు, నాలుగు. తన తల వెనక భాగం తాను కత్తిరించుకోవడం ఎవరివల్లా కాదు మరి.

అంతకుముందు ఆ పని మా మరిది చేసేవాడు. అన్నదమ్ములిద్దరూ మా మామగారి షాపులోనే పక్కపక్క కుర్చీల దగ్గర పనిచేసేవారు. నెలకోసారి ఒకరి తల ఒకరు చూసుకునేవారు. మామగారు వాళ్ళకి కత్తెరతోపాటు ఇంకో అలవాటు కూడా నేర్పారు. కుర్చీలో ఎవరు కూర్చున్నా సరే, కత్తెర పట్టే ముందు ఆ తల మీద చెయ్యి పెట్టి, ఆ మనిషి కోసం మనసులో దేవుడితో ఒక మాట చెప్పాలి. జుట్టు ఎంత పెరిగిందో చూస్తున్నట్టే ఉంటుంది, కూర్చున్నవాళ్ళకి తెలియను కూడా తెలియదు. "మన చేతికి తల అప్పగించినవాణ్ని ఊరికే పంపించకూడదర్రా" అనేవారు ఆయన.

మామగారు పోయాక ఏడాది తిరక్కుండానే ఇద్దరూ విడిపోయారు. కారణం చెబితే నవ్వుతారు. ఒకరోజు మా ఆయన పాస్టరుగారికి కటింగ్ చేస్తున్నారు. షాపు నిండా జనం. మా మరిది పక్కనుంచి తొంగిచూసి, "ఎడమ చెవి పక్కన కాస్త ఎక్కువుంది అన్నయ్యా" అన్నాడు. అంతే. ఎక్కువున్న మాట నిజమేనట, పాస్టరుగారే తర్వాత నాకు చెప్పారు. కానీ అందరి ముందూ అనొచ్చా అని మా ఆయన. అన్నయ్యతో కాకపోతే ఎవరితో అంటాను అని మరిది. మాటా మాటా పెరిగి, వారం తిరిగేసరికి మరిది వీధికి అవతలి పక్క, సరిగ్గా మా షాపుకి ఎదురుగా ఇంకో షాపు పెట్టి, కాపురం కూడా అక్కడికే మార్చేశాడు. అప్పట్నుంచి ఆరేళ్ళు ఇద్దరి మధ్యా మాటల్లేవు. పాస్టరుగారు పాపం ఎవరికీ అన్యాయం జరగకుండా ఒక నెల ఇటు, ఒక నెల అటు తల వంచుతూ వచ్చారు.

మా ఆయన ప్రార్థన మానేశారనుకునేరు. ఒక్కరోజు మానలేదు. పొద్దున్నే మోకాళ్ళూని, "ప్రభువా, మా తమ్ముడికి పెద్దమనసు ఇవ్వు" అని ఇల్లు అదిరేట్టు అడిగేవారు. ఎదురింటి కిటికీలోంచి మరిది ప్రార్థన కూడా ఇంచుమించు ఇలాగే ఉండి ఉంటుందని నా అనుమానం. ఒకే ఇంట్లో పుట్టి పెరిగిన ఇద్దరు అన్నదమ్ములు ఒకరికోసం ఒకరు ఇలా అడుగుతుంటే, దేవుడు మాత్రం ఎవరి పక్షాన నిలబడతాడు చెప్పండి!

ఇక నేను. నా వాటా ఏమిటంటే చేతి అద్దం. నెలకోసారి షాపు మూశాక మా ఆయన కుర్చీలో గోడ అద్దానికి ఎదురుగా కూర్చునేవారు. నేను వెనక నిలబడి చేతి అద్దం పట్టుకుంటే, ఎదుటి అద్దంలో తన వెనక భాగం చూసుకుంటూ, చెయ్యి వెనక్కి తిప్పి కత్తిరించుకునేవారు. "కాస్త ఎత్తు. అంత ఎత్తు కాదు. కదలకు. ఊపిరి కూడా పీల్చకు" అంటూ గంట. ఫలితం ఆ నాలుగు మెట్లు.

వీధిలో టోపీతో నెట్టుకొచ్చారు. చర్చిలో టోపీ తియ్యాలి కదా, అందుకని చిట్టచివరి బెంచీలో గోడకి ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఊరందరికీ తెలిసిన మనిషి, ముందు వరసకి పిలిచినా రాకుండా ఆరేళ్ళు వెనక బెంచీలో కూర్చుంటే సంఘం ఏమనుకుంటుంది? వినయం అనుకుంది. "ఆయన్ని చూసి నేర్చుకోవాలమ్మా" అని నాతోనే అన్నారు కొందరు. నేను నవ్వు ఆపుకోలేక దగ్గేదాన్ని. చివరికి ఆ వినయానికి మెచ్చి, ఆయన్ని సంఘపెద్దగా ఎన్నుకున్నారు.

పాస్టరుగారు ఇంటికి వచ్చి, "మీకు సంఘంలో ఎవరితోనైనా మనస్పర్థ ఉందా?" అని అడిగారు. ఆయనకి తెలియక కాదు, అడగాలి కాబట్టి అడిగారు.

"నా వైపు నుంచి ఏమీ లేదండీ" అన్నారు మా ఆయన, నా వైపు చూడకుండా.

పాస్టరుగారు, "అయితే ఆదివారం ముందుకొచ్చి, అందరి ఎదుటా మోకరించాలి. నేను తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తాను" అన్నారు. ఆయన అటు వెళ్ళగానే మా ఆయన మొహంలో రంగు మారింది. ముందుకెళ్ళి మోకరిస్తే వీపు ఎవరి వైపు ఉంటుంది? మొత్తం సంఘం వైపు. ఆ సంఘంలో మూడో బెంచీలో ఎవరు కూర్చుంటారు? తమ్ముడు!

శనివారం మధ్యాహ్నం షాపు మూసి కుర్చీలో కూర్చున్నారు. ఈసారి మెట్లు కూడా ఉండకూడదని కత్తెర పక్కన పెట్టి, జుట్టు తీసే కరెంటు మిషన్ తీశారు. నేను అద్దం పట్టుకున్నాను. అరగంటైంది. చెయ్యి లాగేస్తోంది. "రేపు వాడు చూసి కుళ్ళుకోవాలి" అన్నారు మా ఆయన పళ్ళ బిగువున. చూడండి, దేవుడి ముందు మోకరించబోతూ ఆయనకున్న ఆలోచన అది. నాకు ఒళ్ళు మండింది. నిజం చెబుతున్నాను, అంతకుముందు నిమిషం దాకా నా మనసులో ఏమీ లేదు. అద్దాన్ని వేలెడంత పక్కకి వంచాను. మిషన్ మెడ దగ్గర ఆగాల్సింది పైకి వెళ్ళిపోయింది. నడినెత్తి దాకా రెండు వేళ్ళ వెడల్పున బాట పడింది.

"చెయ్యి నొప్పెట్టి జారిందండీ" అన్నాను. నొప్పి నిజమే. జారిందన్నది నిజం కాదు.

కేకలేస్తారనుకున్నాను. వెయ్యలేదు. చాలాసేపు అద్దంలోకి చూస్తూ కూర్చున్నారు.

"మొత్తం తీసేసుకుంటాను" అన్నారు చివరికి.

"వెనక ఎవరు తీస్తారు? అద్దం నేనే పట్టాలి" అన్నాను.

"ఇంకో షాపుకి వెళతాను."

"వెళ్ళండి. సాయంత్రానికి ఊరంతా నవ్వుతుంది. మీ తమ్ముడి దగ్గరికి వెళితే వాడొక్కడే నవ్వుతాడు."

ఆయన టోపీ పెట్టుకుని లేచారు. వీధి దాటడానికి ఇరవై అడుగులు. ఆరేళ్ళుగా దాటని వీధి కదా, ఆ ఇరవైలో సగం నేను వెనకనుంచి తొయ్యాల్సి వచ్చింది.

మేం గుమ్మంలో అడుగు పెట్టేసరికి మరిది ఒకాయనకి గడ్డం గీస్తున్నాడు. చేతిలో కత్తి అలాగే ఆగిపోయింది. సగం నురగతో ఉన్న ఆయన బిక్కుబిక్కుమంటూ మమ్మల్ని చూశాడు. బెంచీ మీద ఉన్న ఇద్దరూ తమ వంతు వదులుకుని, తీరిగ్గా చూడ్డానికి గోడవారకి జరిగారు. గడ్డం పని పూర్తయింది. మా ఆయన వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

"టోపీ తియ్యాలి అన్నయ్యా."

"తియ్యకుండా కుదరదా?"

"టోపీకి కటింగ్ చెయ్యడం నాన్న నేర్పలేదు."

మా ఆయన టోపీ తీశారు. మరిది చూశాడు. పెదవులు బిగబట్టి, "తువ్వాలు తెస్తాను" అని లోపలి గదిలోకి పరుగెత్తాడు. తువ్వాళ్ళు పక్కనే మడతపెట్టి ఉన్నాయి. లోపల్నుంచి గోడకేసి తల కొట్టుకుంటున్నట్టు చప్పుళ్ళు వినిపించాయి. కాసేపటికి కళ్ళు తుడుచుకుంటూ, మొహం సీరియస్‌గా పెట్టుకుని వచ్చాడు. తువ్వాలు మాత్రం తేలేదు.

"ఎవరు చేశారిది?"

"నేనే" అన్నారు మా ఆయన.

మరిది తల అటూ ఇటూ తిప్పి చూశాడు. పనివాడి కళ్ళు ఊరుకోవు కదా. నోరు జారింది. "ఎడమ చెవి పక్కన కూడా కాస్త ఎక్కువుంది అన్నయ్యా."

ఆరేళ్ళ కిందట ఇల్లు రెండు చేసింది సరిగ్గా ఆ మాటే. మరిదికి కూడా గుర్తొచ్చినట్టుంది, చేతిలో దువ్వెన కింద పడేశాడు. గోడవార ఉన్న ఇద్దరూ మెడలు చాచారు.

మా ఆయన అద్దంలోంచి తమ్ముణ్ని చూశారు.

"ఉంటే తియ్యరా" అన్నారు.

మరిది వంగి దువ్వెన తీసుకున్నాడు. దాన్ని పక్కన పెట్టి, అన్నయ్య తల మీద చెయ్యి పెట్టాడు. పెదవులు కదులుతున్నాయి. మా ఆయన ఓపిక పట్టి పట్టి, "ఇంతసేపా? నాన్న రెండు మాటల్లో ముగించేవాడు" అన్నారు.

"రోజూ పొద్దున షాపు తీసేముందు, నీ తల ఒక్కసారి నా చేతికి రావాలని అడుగుతున్నాను. ఇవాళ వచ్చింది. ఇంకేం అడగాలో తెలియక నిలబడ్డాను" అన్నాడు మరిది. తర్వాత మెల్లిగా, "మరీ ఇంత ఘోరంగా వస్తుందనుకోలేదు" అన్నాడు.

నా అనుమానం తప్పన్నమాట. ఎదురింటి కిటికీ వెనక అన్నయ్య మారాలని ఎవరూ అడగలేదు. మా ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. ఒంటి మీద గుడ్డ కట్టి ఉంది కాబట్టి తుడుచుకోవడానికి చెయ్యి బయటికి రాదు. మరిదే తువ్వాలుతో తుడిచి, "కంట్లో వెంట్రుకలు పడ్డట్టున్నాయి" అన్నాడు. ఇంకా కత్తెర పట్టకుండానే వెంట్రుకలు ఎలా పడ్డాయో ఎవరూ అడగలేదు.

బాటని కలిపెయ్యడానికి మొత్తం జుట్టు బాగా పొట్టిగా తియ్యాల్సి వచ్చింది. అయిపోయాక మా ఆయన లేచి, కుర్చీ దులిపి, "కూర్చో" అన్నారు. మరిది జుట్టు కాలరు దాకా పెరిగి ఉంది. మా ఆయన దాని మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. రోజూ ఇల్లు అదరగొట్టే గొంతులోంచి ఆ రోజు ఒక్క ముక్క కూడా పైకి రాలేదు.

ఆదివారం ఆయన ముందుకెళ్ళి మోకరించారు. వెనకనుంచి చూడ్డానికి ముచ్చటగా ఉంది. పాస్టరుగారు ప్రార్థన చేశాక, నాలుగు మాటలు చెప్పమన్నారు. మా ఆయన వెనక బెంచీ వినయం సంగతి దగ్గర్నుంచి మెట్ల దాకా మొత్తం చెప్పేశారు. సంఘం పడీ పడీ నవ్వింది. "నా వైపు నుంచి ఏమీ లేదని పాస్టరుగారితో అబద్ధం చెప్పాను. అంతా నా వైపే ఉంది. నిన్న దేవుడే నా చెయ్యి తప్పించి, నన్ను వీధి దాటించాడు" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు.

చెయ్యి తప్పించింది ఎవరో నాకు మాత్రం తెలుసు. దేవుడి ఖాతాలో నా అల్లరి పడిపోయిందే అని ఇంటికి వచ్చేదాకా ముళ్ళ మీద నడిచినట్టుంది. ఆయన చెప్పులు విప్పుతుంటే ఉండబట్టలేక అనేశాను.

"ఏమండీ, నిన్న అద్దం జారలేదు. కావాలనే వంచాను. నన్ను క్షమించండి."

ఆయన రెండో చెప్పు కూడా విప్పి, సర్ది పెట్టారు.

"తెలుసు."

"తెలుసా? ఎలా?"

"ఎదుటి అద్దంలో నా తల ఒక్కటే కనిపిస్తుందా? నా వెనక నువ్వు కనపడవూ? పెదవి కొరుక్కుని మరీ వంచావు."

"మరి మిషన్ ఆపలేదేం?"

ఆయన టోపీ తీసి, పొట్టి జుట్టు మీద చెయ్యి రాసుకున్నారు. "ఆపబోయాను. ఆపితే ఇంకో ఆరేళ్ళు ఈ టోపీ పెట్టుకుని తిరగాలి అనిపించింది. పోనిచ్చాను."

ఆరేళ్ళుగా నేనూ రోజూ ప్రార్థన చేస్తూనే ఉన్నాను, ఈ మనిషికి కాస్త బుద్ధి ఇవ్వమని. ఆ బుద్ధి నాకంటే ముందే వచ్చి ఆ కుర్చీలో కూర్చుందని నాకే తెలియలేదు. మర్నాడు పొద్దున్న మొదటిసారి అదే బుద్ధి నా కోసం అడుక్కున్నాను.