వదిన మరిచిపోయిన వైరు

పొద్దున్న ఏడింటికి పార్కు గేటు తీసేసరికే వదిన మిషను దగ్గర ఉండేది. కొట్టేసిన కొమ్మల్ని మింగి, పొట్టు చేసి, పక్కకి ఊదేసే పెట్రోలు మిషను అది. ఇంజను చల్లగా ఉండగానే పెట్రోలు పోసేది. జుట్టంతా టోపీలోకి దోపేది. కళ్ళద్దాలు, చెవి మూతలు పెట్టుకుని, చుట్టూ ఇరవై అడుగుల దూరంలో సున్నంతో గీత గీసేది. కొమ్మని లావు వైపు నుంచి అందించి పక్కకి తప్పుకునేది. చివర్లో మిగిలే పొట్టి ముక్కని చేత్తో కాక కర్రతో తోసేది.

గీత ఇవతల ఆడపడుచు కొమ్మలు లాగి పోగేసేది. పదకొండేళ్ళుగా ఇద్దరూ అక్కడే పని. మిషనంటే ఆడపడుచుకి హడలు.

"గీత దాటావంటే కాళ్ళు విరగ్గొడతా" అనేది వదిన.

"విరగ్గొట్టి అందులోనే వేసెయ్, పీడా పోతుంది" అనేది ఆడపడుచు.

ఏడాదిగా వదినకి మతిమరుపు. ఆవిడ మరిచిపోయింది ఏదైనా సరే, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఎవరుంటే వాళ్ళ బుర్రలోకి వెళ్ళిపోయేది. బస్సు కండక్టరుకి ఆవిడ స్కూల్లో నేర్చుకున్న పద్యం వచ్చేసింది. మందుల షాపాయనకి ఆవిడ చిన్నప్పటి ఇంటి మెట్లెన్నో తెలిసింది. తనకి పనికొచ్చేదొక్కటీ రాలేదని పక్కింటావిడ నిష్ఠూరమాడింది. తిరిగి చెప్పినా వదిన బుర్రలో నిలిచేది కాదు. దగ్గర్లో మనిషి లేకపోతే పోయింది పోయినట్టే.

ఆడపడుచు భయమంతా అదే. ఆ గీత లోపల వదిన ఒక్కతే. అక్కడ ఏదైనా మరిచిపోతే అందుకునేవాళ్ళు లేరు, పోయేది చెయ్యి.

"మిషను ఇంకెవరికైనా అప్పజెప్పు వదినా."

"ఏది మరిచినా దీన్ని మరవనే."

"మీ చెల్లెలి పేరు గురించీ ఇదే మాట అన్నావు. ఇప్పుడది పోస్ట్‌మాన్ దగ్గరుంది."

"అతనికైనా గుర్తుంది కదా" అని నవ్వేసింది వదిన.

వాన వెలిసిన మర్నాడు తడి తీగలు చుట్టుకుని మిషను మూలిగి బిగుసుకుంది. వదిన స్విచ్చి ఆపింది. చప్పుడు ఆగిపోయింది. చప్పుడే లేకపోతే ఇక భయమేముందని ఆడపడుచు నీళ్ళ సీసా పట్టుకుని గీత దాటింది.

వదిన పక్కకి చేరిందో లేదో, ఆమె వేళ్ళకి ఇంజను ప్లగ్గు వైరు మూత ఎంత బిగువుగా ఉంటుందో తెలిసిపోయింది. ఇంజను ఆగినా లోపల బ్లేళ్ళ చక్రం కాసేపు తిరుగుతూనే ఉంటుందనీ, అది పూర్తిగా ఆగాక, ఇంజను మళ్ళీ అంటుకోకుండా వైరు పీకి దూరంగా పెట్టాలనీ, ఆ తర్వాతే మిషను మూత తెరవాలనీ తెలిసింది. ఇవేవీ ఆమె ఏనాడూ నేర్చుకోలేదు.

తలెత్తి చూస్తే, వదిన చెయ్యి మిషను నోట్లోకి వెళ్తోంది.

మోచెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఇద్దరూ పొట్టు మీద వెల్లకిలా పడ్డారు. లోపల చక్రం గరగరమంటూ తిరిగి, తిరిగి, ఆగింది.

"పిచ్చా నీకు?" అంది వదిన.

ఆడపడుచు లేచి వెళ్ళి వైరు పీకింది. అప్పుడు వచ్చింది మిగతాది. వదిన రోజూ ఆ వైరు ఎందుకు పీకేదో, ఆ కారణం.

అన్నయ్య కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. పదకొండేళ్ళ కిందట, ఈ మిషను అన్నయ్యా వదినా కలిసి నడిపే రోజుల్లో పోయాయి. తన తొందరే కారణమని అన్నయ్య అందరికీ చెప్పాడు. ఇప్పుడు ఆడపడుచుకి అది వదిన కళ్ళలోంచి కనబడింది. అన్నయ్య వంగి ఇరుక్కున్న ముక్క తీస్తున్నాడు. అది చూడకుండా, చెవి మూతలతో ఉన్న వదిన ఇటునుంచి స్టార్టు తాడు లాగింది.

"అలా గుడ్లప్పగించి చూస్తావేంటే? మిషను పని నీకెప్పుడొచ్చింది?" అంది వదిన బట్టలు దులుపుకుంటూ.

"ఇప్పుడే."

మధ్యాహ్నం నుంచి మిషను ఆడపడుచే నడిపింది. వదిన కొమ్మలు పోగేసింది.

సాయంత్రం ముగ్గురూ వంటింట్లో కూర్చున్నారు. టీ కప్పు అందుకుంటున్న భర్త చెయ్యి చూసి వదిన ఆగిపోయింది.

"ఈ రెండు వేళ్ళూ ఏమయ్యాయండీ?"

ఆయన చెల్లెలి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. ఎవరి దగ్గరికి ఏం వెళ్ళిందో ఆయనకి అర్థమైంది.

"నాదే తొందర. మిషన్లో చెయ్యి పెట్టాను" అన్నాడు.

పదకొండేళ్ళుగా ఆయన ఆ మాట అన్నప్పుడల్లా వదిన ఏదో పనున్నట్టు లేచి అవతలికి వెళ్ళిపోయేది. ఇవాళ కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

"బుద్ధుందా మీకసలు?" అని మొదలుపెట్టి, టీ చల్లారేదాకా ఆయన్ని తిడుతూనే ఉంది. ఆయన ఆ చేతిని ఆవిడ చేతుల్లోనే ఉంచి, ఊకొడుతూ విన్నాడు.