నడుమెత్తు కూరమడి

ఆ రోజు కోడి కూయకముందే లేచి పేడ మోశాను. చలికాలం చివరి ఆగస్టు గాలికి కళ్ళ నిండా దుమ్ము పడుతున్నా లెక్కచేయలేదు. నాలుగు నెలలుగా ఎదురుచూసిన వంతు మాకు వచ్చింది. మా సెమోంకోంగ్ కొండల్లో పెరటి కూరమడి ఎవరికి వారు కట్టుకోరు. ఊరంతా కలిసి ఒక్కో ఇంటికీ కట్టిపెడుతుంది, ఆ ఇంటివాళ్ళు జొన్నకల్లు పోస్తారు. ఆ రోజు మా అత్త మాపులెంగ్ మడి కట్టాలి.

రెండేళ్ళ కిందట అత్త గాడిద మీంచి పడింది. నడుము విరగలేదు కానీ కాస్త వంగిపోయింది, అంతకన్నా కిందికి వంగడం కుదరదు. చేయి నేలకు ఆనదు. అప్పటినుంచి ఒక్క విత్తనం నాటలేదు. నేను పండించిన ఆకుకూర వండిపెడితే సంకటితో తింటూ, తన చేత్తో నాటింది తిని ఎన్నాళ్ళయిందో అని నిట్టూర్చేది. ఆ మాట నా కూర మీద కాదని తెలిసినా నాకు ఒళ్ళు మండేది. రాళ్ళతో నడుమెత్తు గోడ కట్టి లోపల మట్టి నింపితే నిలబడే నాటుకోవచ్చు. మళ్ళీ తన చేత్తో నాటాలని ఆమె, ఆమె నాటగా చూడాలని నేను, ఇద్దరం ఆ మడి మీదే ప్రాణం పెట్టుకున్నాం.

గోడ ఎత్తు ఆ ఇంటావిడను బట్టే ఉంటుంది. రాళ్ళు పేర్చే మొహాపి రెల్లుకర్ర పట్టుకుని కొలవడానికి పిలిచేసరికి అత్త చర్చికి వేసుకునే ఎత్తు మడమల జోళ్ళు తొడుక్కుని, కొత్త కంబళి కప్పుకుని బయటికి వచ్చింది. ఊరంతా చూస్తోంది మరి. పళ్ళు బిగించి నిటారుగా నిలబడింది. మొహాపి పక్కన కర్ర నిలబెట్టి నడుము దగ్గర గాటు పెట్టాడు. ఆ జోళ్ళూ ఆ బిగింపూ నేను చూశాను. మా అత్త ఎంత బాగుందో అని మురిసిపోయానే తప్ప నోరు విప్పలేదు.

ఇక పని మొదలైంది. నాకు కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. మొహాపి తాడుతో గుండ్రంగా గీత గీసి, మనిషి లోపలికి నడిచేటంత సందు ఒకవైపు వదిలాడు. మగవాళ్ళు రాళ్ళు పేరుస్తుంటే మేము పుల్లలతో బుట్ట అల్లి నడిమధ్య నిలబెట్టాం. వంటింటి తొక్కూ తుక్కూ, పాత్రలు కడిగిన నీళ్ళూ అందులో పోస్తే చుట్టూ మట్టికి సారం దిగుతుంది. మట్టికి ఇనుము దిగాలని అడుగున తుప్పుపట్టిన డబ్బాలు వేశాం. వాటి మీద పేడ, బూడిద, ఎండుగడ్డి, మట్టి, మళ్ళీ పేడ. పక్కింటి మాలెరాటోకు నోరు ఊరుకోదు. పైన పటారం లోన లొటారం, అచ్చం నీలాగే ఉందే నీ మడి అని అత్తను ఆటపట్టించింది. అత్త కూడా పగలబడి నవ్వింది. గోడ ఒక్కో వరస లేస్తుంటే నా గుండె గంతులేసింది.

ఎండ తిరిగేసరికి మడి నిండింది. మొదటి మొక్క ఇంటావిడే నాటాలి, అదీ మధ్యన, బుట్ట పక్కనే. అత్త నారుమొక్క పట్టుకుని సందులోకి నడిచి చేయి చాపింది. నిటారుగా బిగబట్టిన నడుము ముందుకు వంగక అందలేదు. మునివేళ్ళ మీద లేచింది. అయినా జానెడు దూరం మిగిలింది. పొద్దున ఆ జోళ్ళు చూసి కూడా చెప్పని తప్పు నాదే అనిపించింది. మొహాపి పాపం చిన్న బల్ల తెస్తానన్నాడు. అత్త వద్దంది.

ఇవతలికి వచ్చి రాయి మీద కూర్చుని జోళ్ళు విప్పింది. లేచి, పొద్దుటినుంచి బిగబట్టిన నడుమును వదిలేసింది. మా కళ్ళముందే ఆమె జానెడు కిందికి దిగింది.

“మొహాపీ, ఇప్పుడు కొలువు తమ్ముడూ. పొద్దున నువ్వు కొలిచింది రెండేళ్ళ కిందటి మనిషిని” అంది.

ముందుగా మాలెరాటో వెళ్ళి పైవరస రాయి ఎత్తింది. ఆ మాట ముందే చెప్పి ఏడిస్తే ఇన్ని రాళ్ళు మోసే బాధ తప్పేది కదే అని తిడుతూ, మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. అంతే, అందరం మీద పడ్డాం. కట్టినదానికన్నా విప్పడం తొందరగా సాగింది. రెండు వరసలు దించాం. మిగిలిన మట్టి తట్టల్లోకి ఎత్తి పెరటి మూల పోశాం. ఇంత శ్రమ వృథా అయిందని ఒక్కరూ అనలేదు. నాకైతే పొద్దుటికన్నా రెట్టింపు హుషారు వచ్చింది.

అత్త వట్టికాళ్ళతో సందులోకి వెళ్ళింది. ఈసారి చేయి నేరుగా బుట్టను తాకింది. వేలితో గుంట చేసి, మొక్క పెట్టి, చుట్టూ మట్టి అదిమింది. అరచేయి కాసేపు ఆ మట్టి మీదే ఉంచింది. మేమంతా తలా ఒక నారుకట్ట పట్టుకుని సాయం చేద్దామని చుట్టూ చేరాం. నేను ఒకటి నాటబోతే చేతిమీద చిన్న దెబ్బ వేసింది. సూర్యుడు కొండ వెనక్కి వెళ్ళేదాకా ఒకరి తర్వాత ఒకరం నారు అందిస్తూ నిలబడ్డాం. ఒక్క మొక్క కూడా మమ్మల్ని నాటనివ్వలేదు.