వానసందు

ఆ ఊరికొచ్చిన మొదటి రోజు వడ్రంగి భార్య ఒక చీర ఉతికి తీగ మీద ఆరేసి, రెండోది పిండి తెచ్చేసరికి మొదటిది ఎండిపోయి ఉంది. ఎవరైనా మార్చేశారేమోనని నాలుగో అంతస్తు నుంచి తొంగి చూసింది. కింద నరమానవుడు లేడు. ఇసుక రంగు మేడలు, ఇసుక రంగు వీధి, మబ్బు తునకైనా లేని ఆకాశం.

వారం తిరిగేసరికి వడ్రంగికి పెదవులు చిట్లాయి, మడమలు పగిలాయి. చల్లనీళ్ల కుళాయి తిప్పితే వేణ్నీళ్లు వచ్చేవి. కిటికీలన్నీ మూసుకున్నా అన్నంలో ఇసుక కరకరలాడేది. ఇదేం ఊరురా దేవుడా, మనుషుల్ని మిరపకాయల్లా ఎండబెట్టేస్తోంది అనుకున్నాడు కానీ పైకి అనలేదు. అనడానికి నోరెక్కడిది? వచ్చిందే ఆ ఎండ కోసం.

వాళ్ల తొమ్మిదేళ్ల పిల్లకి ఉబ్బసం. సొంతూళ్లో సగం ఏడాది వాన, మిగతా సగం చెమ్మ. పిల్ల మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఊపిరి కోసం కొట్టుకుంటుంటే చూడలేక తండ్రి వీధిలోకి వెళ్లి నిలబడేవాడు. డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. "తడి లేని చోటికి తీసుకుపొండి. ఇక్కడే ఉంటే నేనేం మాట ఇవ్వలేను."

అందుకని ఇక్కడ తలుపులు చేసే షెడ్డులో పనికి కుదిరాడు. మూడు నెలలు చూస్తారు, నచ్చితే ఉంచుకుంటారు. పని ఉంటేనే ఊళ్లో ఉండడానికి కాగితం. పని పోతే వారంలో మూటాముల్లే సర్దుకోవాలి.

పిల్ల మాత్రం రెండో వారానికే తేరుకుంది. ఇంటికి రాగానే అతను "ఏదీ, వీపిటు పెట్టు" అని చెవి ఆనించి వినేవాడు. కూత లేదు, గురక లేదు. ఆ నిశ్శబ్దం వినడానికి పెదవులేం ఖర్మ, ఒళ్లంతా పగిలినా సరే అనిపించేది.

అలాంటి మనిషికి ఇక్కడ ఎలాగైనా పాతుకుపోవాలనే ఆత్రం ఉండదా? ఆ ఆత్రమే కొంప ముంచింది. వాన చుక్క లేని ఊళ్లో కొంప మునగడం ఎలాగో చూడాలంటే అతన్నే చూడాలి.

ఆసుపత్రికి పన్నెండు తలుపులు చేసే పని తనే అడిగి తీసుకున్నాడు. కర్ర అప్పుడే ఓడ దిగి వచ్చింది. షెడ్డు మేస్త్రి, తల నెరిసిన మనిషి, దాన్ని తట్టి చూశాడు.

"మూడు వారాలు షెడ్డులో పడుకోనియ్యి. ఇక్కడి గాలి పట్టాక కొయ్యి."

"ఇది ఎండిన కర్రే మేస్త్రీ. చేత్తో ముట్టుకుంటే చెప్పేస్తాను. మా నాన్న చేతి దెబ్బలు తిని నేర్చుకున్న పని" అన్నాడు వడ్రంగి.

సొంతూళ్లో అయితే అది నిజంగా ఎండిన కర్రే. మేస్త్రి భుజాలు ఎగరేసి ఊరుకున్నాడు. వడ్రంగి మర్నాడే చిత్రిక పట్టాడు, పలకలు కదలకుండా మేకులతో బిగించాడు, తండ్రి నేర్పినట్టే తలుపుకీ గుమ్మానికీ మధ్య వానసందు వదిలాడు. వానల్లో కర్ర ఉబ్బి తలుపు పట్టేయకుండా వదిలే సందు అది, మందపాటి అట్ట దూరేంత. అతని వంశంలో ఆ సందు వదలకుండా తలుపు చేసినవాడు లేడు. పన్నెండూ ఎక్కించి మీసం మెలేసుకుంటూ ఇంటికొచ్చాడు.

ఇరవయ్యో రోజున షెడ్డు యజమానురాలు అతన్ని వ్యానెక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. పన్నెండు తలుపులూ కుంచించుకుపోయాయి. మేకులు కొట్టిన చోట మొదలై పలకలు నిలువునా చీలాయి. ఆవిడ ఒక తలుపు మూసి, పక్కనున్న సందులో వేలు దూర్చి ఆడించింది. అవతల మంచం మీది ముసలాయన దుప్పటి మీదికి లాక్కున్నాడు.

"ఇదేమిటి?"

"వానసందండీ."

"వానా? ఇక్కడా?"

అతను చీలిన పలకని తడిమాడు. మేస్త్రి మాట చెవిన పెట్టనందుకు తనను తనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

"కూలి వద్దండీ. మళ్లీ చేసిస్తాను. తిండీ నిద్రా మానేసి చేస్తాను."

"ఆసుపత్రివాళ్లు మనకిక పనే ఇవ్వరట. ఏం పని చూపించి నిన్ను ఉంచుకోను?"

"మా పాపకి ఊపిరి..." అంటూ అంతా చెప్పాడు, చెప్పకూడదనుకున్నదంతా. ఆవిడ విన్నది. చివరిదాకా విన్నది.

"షెడ్డులో తొమ్మిదిమందున్నారు. అందరికీ పిల్లలున్నారు. నన్నేం చెయ్యమంటావు?" అంది. కోపంగా అన్నా బాగుండేది.

మధ్యాహ్నమే పనిముట్ల సంచీ భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాడు. మేడ కింద మెట్ల దగ్గర బడి సంచీతో పిల్ల ఎదురైంది.

"నాన్నా! పందెం! నేనే ముందు!"

వద్దు అనేలోపే దూసుకుపోయింది. నాలుగు అంతస్తులు. పుట్టి బుద్ధెరిగాక అది ఒక్క అంతస్తు కూడా ఆగకుండా ఎక్కలేదు. అతను పైకి చేరేసరికి తలుపు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతోంది.

"బళ్లో పరుగు పందానికి నన్ను తీసుకున్నారు నాన్నా. వచ్చే నెల. నువ్వు రావాలి."

భార్య లోపలి నుంచి వచ్చింది. "ఇంత తొందరగా వచ్చేశారేం? పని అయిపోయిందా?"

అతను సంచీ దించి, మోకాళ్ల మీద కూర్చుని, పిల్ల వీపుకి చెవి ఆనించాడు. గుండె టకటక కొట్టుకుంటోంది. అంతే, ఇంకే చప్పుడూ లేదు.

"ఇంకోసారి పరిగెత్తు తల్లీ" అన్నాడు.

"మళ్లీనా?"

"మళ్లీ. నేను చూస్తాను."

పిల్ల కేరింతలు కొడుతూ కిందికి పరిగెత్తింది. భార్య పనిముట్ల సంచీ వైపు చూసింది, అతని మొహం వైపు చూసింది. పక్కనే మెట్టు మీద కూర్చుండిపోయింది. పిల్ల పైకొచ్చింది.

"ఇంకోసారి" అన్నాడు.