మూర తగ్గిన నీళ్ళ పైపు

నేను ఒక నీళ్ళ పైపును. హైదరాబాదు శివారులోని ఒక కార్ఖానాలో పుట్టాను. లోపల రబ్బరు, దాని మీద గట్టి నూలుగుడ్డ, పైన మళ్ళీ నల్లరబ్బరు చుట్టి నన్ను తయారుచేశారు. ఒంటి పొడవునా పసుపు అక్షరాలు అచ్చువేశారు: ‘నీళ్ళకు మాత్రమే. అరవై డిగ్రీలు దాటరాదు.’ మనుషులు సినిమా పోస్టరును నిలబడి మరీ చదువుతారు గానీ, పైపును చదివేవాళ్ళు తక్కువ.

నన్ను కొన్నది మిర్యాలగూడ దగ్గరి ఒక ఉప్పుడు బియ్యం మిల్లు. అక్కడ స్టోరు చూసే ఆమె పేరు అండాలు. వచ్చిన రోజే నా మీది అక్షరాలన్నీ చదివి, నన్ను చుట్టచుట్టి కొక్కేనికి తగిలించింది. గచ్చు కడగడం నా పని. రెండేళ్ళు హాయిగా గడిచాయి.

ఒక మధ్యాహ్నం, బాయిలరు నుంచి వడ్ల తొట్టికి ఆవిరి తీసుకెళ్ళే పైపు చీలిపోయింది. తొట్టి నిండా నానిన వడ్లు. ఆలస్యమైతే పులిసి కంపు కొడతాయి. సూపర్‌వైజరు భద్రయ్య పరుగున స్టోరుకొచ్చి నన్ను నొక్కి చూశాడు.

“మందంగనే ఉంది. జానీమియా, దీన్ని బిగియ్యి.”

జానీమియా మిల్లు ఫిట్టరు. వెంటనే నన్ను భుజానికెత్తుకున్నాడు. నాకేమవుతుందో నాకు తెలుసు. అతనికేమవుతుందో కూడా తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

అండాలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “అది నీళ్ళ పైపు సార్. ఆవిరి నూటయాభై డిగ్రీలుంటది. ఇది అరవైకే.”

“రెండు గంటల పనే గదమ్మా! వడ్లు ఖరాబైతే ఓనరుకు నువ్వు జెప్తవా?”

“చెప్త. పైపు పగిల్తె జానీమియా ఇంట్లోళ్ళకు ఎవరు జెప్తరు?”

భద్రయ్య చేతిగడియారం చూసుకున్నాడు. ఆమే మళ్ళీ అంది: “నమ్మకుంటే ఒక మూర కోసి పెట్టి చూడుండ్రి. అందరం గోడ అవతలుందాం.”

కోశారు. నొప్పి సంగతి నాకు గుర్తులేదు. ఆ ముక్కను ఆవిరి గొట్టానికి బిగించి, రెండో కొసకు మూత పెట్టి, గోడ అవతలి నుంచి వాల్వు తిప్పారు. ముక్క మెత్తబడింది. పొట్టలా ఉబ్బింది. నాలుగు నిమిషాలైనా కాకముందే ఫెడేలుమని పగిలింది. ఆవిరి ఎదురుగోడకు కొట్టి, సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది.

జానీమియా రోజూ నిలబడి పనిచేసే చోటది. వాల్వు కట్టేశాక కూడా అతను ఆ గోడనే చూస్తూ ఉండిపోయాడు.

“నేను గూడ ఆడనే ఉండేటోణ్ణి,” అన్నాడు భద్రయ్య మెల్లగా. సూర్యాపేటలో పైపులమ్మే దుకాణానికి ఫోను కలిపి, దాన్ని అండాలు చేతికే ఇచ్చాడు.

“ఆవిరి పైపే గావాలె,” అంది ఆమె. “లోపల ఇనుప తీగ అల్లిక ఉండాలె. ఎంత వేడికి, ఎంత ఒత్తిడికి ఆగుతదో దాని మీద రాసుండాలె. క్లాంపులు గూడ దానికి సరిపోయేటియే పంపుండ్రి.”

పొద్దు వాలకముందే ఆటోలో ఎర్రటి పైపు వచ్చింది. అండాలు చదివాకే జానీమియా బిగించాడు. తొట్టి వడ్లు కాస్త వాసనొచ్చాయి. దాని గురించి ఎవరూ గొంతు పెంచలేదు.

పని ముగిశాక జానీమియా నన్ను కుళాయికి తగిలించి, నా కొసను ముఖం మీదికి పట్టుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

“సల్లగున్నయక్కా నీళ్ళు,” అన్నాడు.

స్టోరుకు తాళం వేస్తున్న అండాలు నవ్వింది. అతని ముఖం మీద నా నుంచి పారింది నీళ్ళే. ఉత్త నీళ్ళే.