ఇప్పచెట్టు కింద అంగన్‌వాడీ

నాకు కోపం ఎక్కువని ఇల్లెందు బొగ్గుబావి క్వార్టర్లలో అందరికీ తెలుసు. చర్ల అవతల ఈ అడవి ఊరికి అంగన్‌వాడీ టీచర్‌గా వచ్చాక, ఎనిమిది నెలల్లో ఇక్కడా తెలిసిపోయింది. ఆ రోజు మాత్రం నా కోపానికి కారణముంది. ఐదు రోజులుగా సెంటర్‌కు ఒక్క పిల్ల కూడా రాలేదు. మర్నాడే సూపర్‌వైజర్ నిర్మలాదేవి తనిఖీ. పిల్లల్లేకపోతే సెంటర్‌ను రోడ్డు పక్క ఊరికి మార్చేస్తానని ఆమె కిందటిసారే చెప్పి వెళ్లింది. అదే జరిగితే ఈ పిల్లలకు చదువు సంగతి అటుంచి, పూటకింత ఉప్మా కూడా ఉండదు.

"ఏడ బోయిన్రు పిల్లలంతా?" అని ఆయా రామక్క మీద అరిచాను.

"ఇప్పపువ్వు రాలవట్టె గదా టీచరమ్మా! తల్లులు పువ్వు ఏరనీకి చెట్ల కిందికి పోతే పిల్లలు ఇంట్ల ఒక్కలే ఉంటరా? నువ్వు గిట్ల ఒర్లితే పువ్వు రాలుడు ఆగుతదా?"

తెల్లారేసరికి పలకలు సంచిలో వేసుకుని, ఉప్మా గిన్నె రామక్క నెత్తిన పెట్టి, అడవిలోకి నడిచాను.

ఇప్పచెట్ల కింద ఎండుటాకులన్నీ ఊడ్చి, నేలను ఇంటి వాకిలిలా చేసి పెట్టారు. అక్కడున్నారు మా పిల్లలు ఇరవై రెండు మందీ! గదిలో గోడకు అంటుకుపోయి కూర్చునేవాళ్లు ఇక్కడ కొమ్మలు పట్టుకుని ఊగుతున్నారు. కొందరు మంచి పువ్వూ పురుగు పట్టిన పువ్వూ వేరు చేస్తున్నారు. ఇంకొందరు ఆకుదొప్పకు ఐదేసి పువ్వులు లెక్కపెట్టి వేస్తున్నారు. చార్టు ముందు నేను గొంతు చించుకున్నా రాని లెక్క! సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. పలకలు సంచిలోంచి తియ్యనే లేదు.

పది గంటలకు నిర్మలాదేవి మేడం వచ్చింది. సెంటర్‌కు తాళం చూసి, దారి అడుక్కుంటూ, చెమటలు కక్కుతూ వచ్చింది.

"ఏమ్మా బతుకమ్మా, సెంటర్‌కి తాళమేసి వనభోజనాలు పెట్టావా?" అని నన్ను పేరు పెట్టి అడుగుతూ, ఊడ్చిన నేల మీదికి చెప్పులతోనే వచ్చేసింది.

పిల్లలంతా ఒక్కసారిగా గోల! తినే పువ్వు రాలే నేల మీద ఈ ఊళ్లో ఎవరూ చెప్పులతో నడవరు. నాకైతే రామక్క పొద్దున్నే చెప్పింది, మేడంకెవరు చెప్తారు? సమ్మక్క, నాలుగేళ్లది, ఉరికొచ్చి మేడం కుచ్చిళ్లు పట్టుకుంది. గదిలో ఒక్కనాడూ నోరు విప్పని పిల్ల అది.

"చెప్పులు ఇడువు! మేం తినే పువ్వు గిది!"

సెంటర్ పోయినట్టే అనుకున్నాను.

మేడం కిందికి చూసింది. నాలుక కరుచుకుని, చెప్పులు విడిచి అవతల పెట్టి వచ్చింది. సమ్మక్క ఆమెను కూర్చోబెట్టి, చేతికి దొప్పనిచ్చి, "ఐదు ఎయ్యి" అంది. మేడం నాతో మాట్లాడుతూ ఆరు వేసింది.

"ఒకటి ఎక్కువైంది," అని సమ్మక్క ఆ పువ్వు తీసేసింది.

పిల్లలు పడీ పడీ నవ్వారు. మేడం కూడా కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. తర్వాత తనిఖీ పుస్తకంలో, పువ్వు అయిపోయేదాకా బడి ఇక్కడేనని, సెంటర్ ఇదే ఊళ్లో ఉంటుందని రాసింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"తిడతారనుకున్నా మేడం," అన్నాను.

"తిడదామనే వచ్చానమ్మా," అంది, దొప్పలోకి మళ్లీ పువ్వులు లెక్కపెడుతూ. "గదిలో పిల్లల్ని నువ్వు కూర్చోబెట్టావు. ఇక్కడ వాళ్లు నన్ను కూర్చోబెట్టారు."